రెండు వేళ్ళ బట్ట

మా ఊరి పేరు ముస్తాబాద్. సిరిసిల్లకూ సిద్దిపేటకూ నడుమ ఉంటుంది. చిన్నప్పుడు ఆ పేరు చెప్పినప్పుడల్లా నాకు ముస్తాబు అనే మాటే గుర్తొచ్చేది. ఊరికి ఆ పేరు పెట్టినవాళ్ళు మా వీధికి రాకుండానే పెట్టి ఉంటారని మా అమ్మమ్మ నవ్వేది. పొద్దున్నే నాట్లకు పోయేవాళ్ళూ, చేటలో తునికాకు వేసుకొని అరుగు మీద బీడీలు చుట్టేవాళ్ళూ, కండెలు చుట్టేవాళ్ళూ ఉన్న వీధిలో ముస్తాబుకు తీరికెవరికి? మొన్న బతుకమ్మకు ముందు వచ్చిన ఆదివారం మాత్రం మా ఊరు తన పేరు నిలబెట్టుకోవలసి వచ్చింది.

మా అక్క బిడ్డ కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో చేరి రెండు నెలలైంది. అది ఏ ఆఫీసో చెప్పను. చెబితే దాని ఉద్యోగానికే మోసం. 2023 డిసెంబరు నుంచి మన బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు గనుక, జీతంలో చార్జీల కోత లేదని అక్క సంతోషపడింది. ఆ సంతోషం కోటు దగ్గర ఆగింది. ఆ ఆఫీసులో ఆడపిల్లలందరికీ నల్ల కోటూ నల్ల ప్యాంటూ ఇస్తారు. ఎస్, ఎమ్, ఎల్ అని మూడు కొలతలు. మా పిల్లకు నడుముకు ఎమ్ సరిపోతుంది, జబ్బలకు ఎల్ కూడా చాలదు. ఎల్ తొడిగితే నడుము దగ్గర గోనెసంచి, ఎమ్ తొడిగితే భుజాల దగ్గర కట్టిపడేసినట్టు. చివరికి ఎమ్మే తీసుకుంది. "అందరికీ సరిపోయింది, నీ ఒక్కదానికే ఏంటమ్మా?" అన్నాడట బట్టలు పంచినాయన. 

"చిన్నమ్మా, చెయ్యి లేపితే చంకల పటుక్కుమంటున్నది. పైన అరలున్న ఫైలు కావాల్నంటె పక్కన పిలగాన్ని అడుగుతున్న. రోజుకు ఎన్నిసార్లని అడుగుడు? పై అర పని నాకు చెప్పుడే బందు పెట్టిండ్రు," అంది.

నాకు చురుక్కుమన్నది ఆ చివరి మాట. కోటు బిగుతు కావడం ఒక సంగతి. కోటు బిగుతైనందుకు పిల్ల చేతకానిదై పోవడం ఇంకో సంగతి. ఇంకొక్క నెల దాటితే ఉద్యోగం ఖాయం చేసేదీ లేనిదీ తేలుస్తారట.

కోటు సంచిలో పెట్టుకొని ఇద్దరం మా మేరాయన దగ్గరికి పోయాం. ఆంధ్రావాళ్ళు దర్జీ అంటారు, పట్నంవాళ్ళు టైలర్ అంటారు. మాకు మేరాయనే. నాకు లంగా ఓణీ నాటినుంచీ ఆయనే కుట్టాడు. ఇప్పుడు చూపు ఆనక కళ్ళజోడుకు దారం కట్టుకున్నాడు గానీ, చేతివేళ్ళకు చూపు తగ్గలేదు. కోటు తీసుకొని తొడిగించి చూడలేదు, టేపూ తీయలేదు. నేరుగా తిరగేసి లోపలి కుట్లు తడిమాడు.

"దీంట్ల ఏం ఇడువలేదు బిడ్డా," అన్నాడు.

తరువాత మూలనున్న మూటలోంచి ఎవరిదో పాత రైక తీసి, తిరగేసి మాకు చూపించాడు. పక్కల వెంబడి లోపల రెండు వేళ్ళ వెడల్పు బట్ట మడిచి ఉంది. దాని మీద ఒకదాని పక్కన ఒకటి మూడు వరసల కుట్లు. మీరూ చూసే ఉంటారు, చూసి పట్టించుకొని ఉండరు. పెళ్ళినాడు మూడు వరసలు. బిడ్డ పుడితే ఒక వరస ఇప్పుకుంటాం. ఇంకో బిడ్డకో, నలభై దాటాకో రెండోది. ఇప్పడానికి మేరాయన కూడా అక్కర్లేదు, సూదిమొన చాలు. నా పెళ్ళి రైకల్లో ఇప్పని వరస ఒక్కటైనా మిగిలి ఉందని చెప్పుకునే అదృష్టం నాకు లేదనుకోండి, అది వేరే మాట.

మా అమ్మ బడిపంతులమ్మ. తమ్ముడు పుట్టిన తరువాత మళ్ళీ బడికి పోయే ముందు రాత్రి లాంతరు ముందు కూర్చొని నాలుగు రైకల పక్కకుట్లు ఇప్పుకోవడం నాకు బాగా గుర్తు. కరెంటు లేని రాత్రి. తెల్లవారి బోర్డు మీద పై వరుసలో రాయడానికి ఆమె చెయ్యి లేచింది. ఆ చెయ్యి లేవడానికి కారణం ఏడాది కిందటే ఈ మేరాయన లోపల వదిలిన రెండు వేళ్ళ బట్ట అని ఆ రోజు నాకు తెలియదు, అమ్మకూ ఆ ఆలోచన వచ్చి ఉండదు.

ఇంటికొచ్చాక నాకు ఒకటే కుతూహలం. ఈ ఎస్, ఎమ్, ఎల్ అనేవి ఎక్కడినుంచి వచ్చాయి? ఎవరి ఒంటిమీద టేపు పెట్టి ఈ మూడక్షరాలూ రాశారు? చదివింది బి.ఏ. గనుక చరిత్ర పుస్తకాల్లో రాజుల యుద్ధాలు తెలుసు గానీ, చొక్కా కొలతలు ఏ యుద్ధంలో పుట్టాయో ఎవరూ చెప్పలేదు. నిజంగా యుద్ధంలోనే పుట్టాయి మరి. అమెరికాలో 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగినప్పుడు లక్షలమంది సైనికులకు హడావుడిగా దుస్తులు కుట్టించవలసి వచ్చింది. ఒక్కొక్కరినీ నిలబెట్టి కొలిచే తీరిక లేదు. పదే పదే వచ్చే కొలతలేవో చూసుకొని మూకుమ్మడిగా కుట్టారు. మగవాళ్ళ రెడీమేడ్ అక్కడ కుదురుకున్నది. 1851లో సింగర్ పేటెంటు పొందిన కుట్టుమిషను అప్పటికే చేతిలో ఉంది. 1863లో బటరిక్ అనే మసాచుసెట్స్ దర్జీ, కాగితం మీద వేర్వేరు సైజుల్లో కత్తిరింపులు గీసి అమ్మడం మొదలుపెట్టాడు.

మరి ఆడవాళ్ళ కొలతలు? వాటికి ఇంకా డెబ్బయ్యేళ్ళు ఆగవలసి వచ్చింది. ఆడవాళ్ళు సైన్యంలో లేరు గదా, తొందరేముంది? దుకాణాల వాళ్ళు తలా ఒక లెక్కలో కుట్టి అమ్మారు, కొన్నవాళ్ళు సరిపోక తిరిగిచ్చారు. ఈ తిప్పి పంపడాల నష్టం భరించలేక, చివరికి 1939, 40 సంవత్సరాల్లో అమెరికా వ్యవసాయ శాఖ ఆడవాళ్ళను కొలవడానికి పూనుకున్నది. వ్యవసాయ శాఖేమిటి, రైకలేమిటి అని నేనూ నవ్వుకున్నాను. ఆ శాఖలో గృహ విజ్ఞానం విభాగం ఉండేదట. రూత్ ఓబ్రయన్ అనే ఆవిడ, విలియం షెల్టన్ అనే ఆయన కలిసి నడిపిన పని అది. దాదాపు 15 వేలమంది ఆడవాళ్ళను నిలబెట్టి, ఒక్కొక్కరికీ బరువుతో కలిపి 59 కొలతలు తీశారు. ఫలితాలు 1941లో అచ్చయ్యాయి.

వింటే ముచ్చటేస్తుంది. కానీ ఆ పదిహేను వేలమంది ఎవరు? కొలతకు వచ్చినవాళ్ళకు కాస్త డబ్బిచ్చారు గనుక, ఆ డబ్బు అవసరమైనవాళ్ళే ఎక్కువగా వచ్చారు. తెల్లవాళ్ళు కాని ఆడవాళ్ళు కూడా వచ్చి కొలిపించుకున్నారు గానీ, లెక్కలు కట్టేటప్పుడు వాళ్ళ కొలతలు పక్కన పెట్టేశారు. ఇంకో తమాషా ఉంది. ఎత్తూ బరువూ రెండూ తెలిస్తే ఒంటి తీరు చాలావరకు అంచనాకు వస్తుందని ఆ లెక్కల్లో తేలింది. అయితే బట్టలకొట్టులో ఆడమనిషిని నీ బరువెంత అని అడిగే ధైర్యం ఎవరికుంది? ఎవరికీ లేదు. చుట్టూ తిరిగి 1958లో ఒక ప్రమాణం తయారుచేశారు. పొడుగు, మధ్యరకం, పొట్టి. పిరుదులు సన్నం, మామూలు, లావు... ఇలా అక్షరాలూ అంకెలూ కలిపిన పెద్ద పట్టిక. కొట్లవాళ్ళకు అది నచ్చలేదు. కొన్నేళ్ళకే ఎవరిష్టం వాళ్ళది అయింది. 1983లో ఆ ప్రమాణాన్నే ఎత్తేశారు. ఆ తరువాత నుంచి చీటీ మీద అంకె కంపెనీవాడు ఎంత అంటే అంత. కొన్నామెకు సంతోషం కలగాలని లావు బట్టకు సన్నం అంకె వేసే ఉపాయం కూడా అలాగే పెరిగింది.

అంటే మా పిల్ల జబ్బలకు చాలని ఆ 'ఎమ్' అనేది, ఎక్కడో ఎవరినో కొలిచి, కొందరిని లెక్కలోంచి తీసేసి, ఆ మిగిలినదాన్నీ గాలికి వదిలేసిన వంశంలో పుట్టిన అక్షరం. దాని ముందు నిలబడి మా పిల్ల తన జబ్బలు తప్పనుకుంటున్నది!

మన దగ్గర ఈ గోల లేకపోవడానికి కారణం చీర. ఏ ఒంటికైనా ఒకటే కొలత. లోపల లంగాకు నాడా. నాడా కన్నా గొప్ప కొలతబద్ద ఇంకోటి లేదు, బిగిస్తే బిగుస్తుంది, వదిలితే వదులవుతుంది. ఆ లంగా బట్ట నేసే ఊరు మా సిరిసిల్లే. పవర్‌లూముల మీద ఏళ్ళ తరబడి లంగా బట్టలూ లుంగీలూ నేసింది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన మగ్గం కూడా ఆ ఊరిదే గానీ, అలాంటి చీర కట్టుకొని ఎవరూ పనికి పోరు.

పనికి పోయే చీర వేరు. మా అమ్మమ్మ గోచి పెట్టి కట్టేది. మామూలు చీర నిడివి దానికి చాలదు. రెండు కాళ్ళ నడుమ నుంచి వెనక్కి దోపితే బురదలో దిగినా, గట్టు దూకినా, ఎడ్లబండి ఎక్కినా అడ్డం రాదు. ప్యాంటు ఆడవాళ్ళ ఒంటికి కొత్త అనేవాళ్ళను చూస్తే నాకు మా అమ్మమ్మ గోచి గుర్తొస్తుంది. వరినాట్లు వేసే ఆడది తన ఉద్యోగపు దుస్తులు తనే కనిపెట్టుకుంది. ఆమెను ఎవరూ కొలవలేదు, ఆమె ఎవరినీ అడగలేదు.

అడగవలసిన అవసరం పడింది చదువుకున్నవాళ్ళకు. 1864 నాటి మాట. రవీంద్రనాథ్ ఠాగూరు వదినగారు జ్ఞానదానందినీదేవి, మొదటి భారతీయ ఐ.సి.ఎస్. అధికారి అయిన భర్త సత్యేంద్రనాథుడి వెంట బొంబాయి బయలుదేరవలసి వచ్చింది. బెంగాలులో ఇంట్లో కట్టే ఒంటి చీర నలుగురిలోకి పనికిరాదు. ఫ్రెంచి దుకాణంలో చెప్పి ఏదో 'ప్రాచ్య' దుస్తులట, కుట్టించారు. అది ఎంత ఇబ్బందిగా ఉందంటే ఒంటరిగా తొడుక్కోవడమే ఆమెకు చేతకాలేదు. డబ్బుండీ, దర్జీ ఉండీ, ఒంటికి కుదరని బట్ట! మా పిల్ల కోటుకు ఆ ఫ్రెంచి దుస్తులు ముత్తవ్వ అనుకోవచ్చు. బొంబాయిలో పార్సీ ఆడవాళ్ళు చీర కట్టే తీరు చూసి, దాన్ని కొంచెం మార్చి, లోపల లంగా, పైన రవికె వేసి ఆమె ఒక కట్టు కుదుర్చుకుంది. కలకత్తా తిరిగొచ్చి ఊరుకోలేదు. 1871లో 'బామాబోధినీ పత్రిక'లో ప్రకటన వేయించింది, కావలసినవాళ్ళు వస్తే నేర్పుతానని. ఇవాళ మనం ఆఫీసుకు కట్టే చీరకట్టు వెనక ఆ ప్రకటన ఉంది.

డాక్టరు చదువు కోసం 1883లో అమెరికా పోయిన ఆనందీబాయి జోషీకి మరో చిక్కు. తొమ్మిది గజాల మరాఠీ చీర పిక్కల దగ్గర చలి ఆపలేదు. కాళ్ళు నిండా కప్పే గుజరాతీ కట్టుకు మారింది. మారిన సంగతి దూరాన ఉన్న మొగుడికి నచ్చజెప్పుకోవలసి వచ్చింది పాపం. 1886లో డాక్టరు పట్టా తీసుకుంది, మరుసటి ఏడే క్షయతో పోయింది. ఇరవై రెండేళ్ళు నిండకుండా.

తెలుగువాళ్ళలో నాకు ఎంతో ఇష్టమైన మనిషి అయ్యలసోమయాజుల లలిత. పద్దెనిమిదేళ్ళకే భర్త పోయాడు. ఒళ్ళో పసిబిడ్డ. తండ్రి ప్రోద్బలంతో మద్రాసు గిండీ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి 1943లో పట్టా పుచ్చుకుంది. పట్టా మీద 'అతడు' అనే మాట ముందే అచ్చయి ఉంటే, దాన్ని కొట్టేసి 'ఆమె' అని చేత్తో రాసి ఇచ్చారట. తరువాత కలకత్తాలో ఏ.ఈ.ఐ. కంపెనీలో చేరి కరెంటు లైన్లకూ, సబ్‌స్టేషన్లకూ నమూనాలు గీసింది. భాక్రానంగల్ పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సమావేశానికి పోయింది. ఫోటోల్లో చీరతోనే కనబడుతుంది. ఆ కొట్టేసిన 'అతడు' నాకు ఎప్పుడూ కళ్ళముందు మెదులుతుంటాడు. మగవాడి కోసం ముందే కుట్టి పెట్టిన చొక్కాను అక్కడికక్కడ ఇప్పి సరిచేసినట్టు లేదూ?

చీరను ఇంత పొగిడాను గదా, దాని గుట్టు కూడా చెప్పాలి. చీర ఎవరికైనా సరిపోతుంది, రైక ఎవరికీ సరిపోదు. చీర సుఖమంతా రైక దగ్గర తేలిపోతుంది. పైగా మన ఊళ్ళలో మగ దర్జీ ఆడదాని ఒంటిమీద టేపు పెట్టడు. పాత రైక ఒకటి కాగితంలో చుట్టి ఇస్తాం. కోస్తావాళ్ళు దాన్ని ఆది జాకెట్టు అంటారు, ఎంత చక్కని మాట! అయితే ఆది ఎప్పుడిది? నిరుటిది. మన ఒళ్ళు ఈ ఏటిది. నిరుటి ఒంటిని చూసి ఈ ఏటి బట్ట కుట్టేవాడికి తెలుసు, తన లెక్క తప్పుతుందని. తప్పుతుందని తెలిసినవాడు గనుకే రెండు వేళ్ళు వదులుతాడు. కోట్లు కుట్టే కంపెనీవాడు ఎందుకు వదలడు? లక్ష కోట్లకు రెండేసి వేళ్ళంటే ఎన్ని తానులో లెక్క కట్టుకుంటాడు. అతని లెక్క ప్రకారం బట్ట మిగిలింది. మా పిల్ల లెక్క ప్రకారం పై అర పని పోయింది.

వకీళ్ళ సంగతి కాస్త నయం. ఆడవాళ్ళు న్యాయవాద వృత్తిలోకి రావచ్చని చట్టం వచ్చింది 1923లో. దుర్గాబాయమ్మ మద్రాసులో ప్రాక్టీసు పెట్టింది 1942లో. ఇప్పుడు బార్ కౌన్సిలు నియమాలు చూస్తే ఆడ వకీళ్ళకు చీర సరే, పొడుగు లంగా సరే, సల్వారూ చుడీదారూ సరే. రంగు తెలుపో నలుపో లేక కంటికి కొట్టని రంగో కావాలి, పైన నల్లకోటు, మెడకు తెల్ల బ్యాండ్లు, గౌను. గౌను అనేది చీరకు చుట్టమే, ఎవరికైనా పడుతుంది. ఎటొచ్చీ కోటు దగ్గర మళ్ళీ జబ్బలూ చంకలూ మొదలు.

ఖాకీ మీదికి వద్దాం. 1846లో పెషావరులో లమ్స్‌డెన్ అనే తెల్లదొర తన దళానికి దుమ్ము రంగు బట్టలు వేయించాడు, ఖాకీ అలా పుట్టింది. మగ సిపాయి దుమ్ములో కనబడకూడదని పుట్టిన రంగు, మన బస్సుల్లో టిక్కెట్లు కొట్టే ఆడ కండక్టర్ల దాకా వచ్చింది. చీర మీద ఖాకీ ఏప్రాను. 2019లో మన ఆర్టీసీ వాళ్ళు అక్టోబరు 5 నుంచి యాభై రెండు రోజులు సమ్మె చేశారు. ముగిసిన తరువాత డిసెంబరులో ముఖ్యమంత్రి కార్మికులతో మాట్లాడినప్పుడు, ఆడవాళ్ళకు ఖాకీ వద్దన్న మాట కూడా వచ్చింది. రంగు ఎంచుకునే పని వాళ్ళకే అప్పగించారు. వాళ్ళు ముదురు ఎరుపు ఎంచుకున్నారు. రంగే గదా అనుకుంటాం. కానీ కట్టుకునేవాళ్ళను ముందు అడిగి, తరువాత కుట్టడం అనేది మన ఆఫీసుల్లో ఎన్నిసార్లు జరిగింది చెప్పండి?

అదే 2019లో, మార్చిలో, మా ముస్తాబాద్‌కు ఆకాశమంత దూరంలో ఇంకో ముచ్చట జరిగింది. భూమి చుట్టూ తిరిగే అంతరిక్ష కేంద్రంలో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి బయటికి వచ్చి పని చెయ్యాలి. ఆడవాళ్ళు మాత్రమే అలా రావడం అదే మొదటిసారి అని ప్రపంచమంతా ఎదురుచూసింది. తీరా చూస్తే ఇద్దరికీ కావలసింది మధ్యరకం పైభాగం, వెంటనే వాడడానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే. ఆన్ మెక్లెయిన్ అనే ఆవిడకు నేల మీద పెద్దదీ మధ్యదీ రెండూ పర్వాలేదనిపించాయి గానీ, పైకి పోయి తొడుక్కుంటే మధ్యదే కుదిరింది. బరువు తెలియని చోట వెన్ను సాగి ఒళ్ళు మారుతుందట. ఆమె ఆగిపోయింది, మగవాడొకడు వెళ్ళాడు. అక్టోబరు 18న క్రిస్టినా కోక్, జెస్సికా మెయిర్ కలిసి ఆ పని పూర్తిచేశారు. ఇది చదివి మా మేరాయనకు చెప్పాను. "అక్కడ గుడ ఇడువలేదా?" అన్నాడు.

ఇక మా సిరిసిల్ల. 2017 నుంచి బతుకమ్మ పండుగకు సర్కారు చీరలు పంచింది. ఏటా కోటి వరకు. నేసే పని ఎక్కువగా సిరిసిల్లకే దక్కింది, మగ్గాలు రాత్రింబగళ్ళు ఆడాయి. చీరకు కొలత లేదని ఇందాక నేనే అన్నానా, అక్కడ నా మాట పడిపోయింది. ఊళ్ళలో ముసలవ్వలు ఆ చీర గోచికి చాలదన్నారు. తరువాత తరువాత వాళ్ళ కోసం నిడివి ఎక్కువున్న చీరలు వేరుగా నేయించారు. మా అమ్మమ్మ ఉంటే ఎంత సంబరపడేదో! కోటి చీరలు నేసేచోట కూడా, నాకిది చాలదని ఒక అవ్వ నోరు తెరిచి చెబితే మగ్గం మీద పోగు నిడివి మారింది.

ఈ మధ్య సిరిసిల్ల పక్కన పెద్దూరు దగ్గర అపారెల్ పార్కులో కుట్టు ఫ్యాక్టరీలు వచ్చాయి. బీడీల చేట దించి మిషను ముందు కూర్చున్న ఆడవాళ్ళు అందులో ఎక్కువ. కుట్టేది ఎగుమతి బట్టలు. ఎక్కడి దేశపు ఒళ్ళకో ఎస్, ఎమ్, ఎల్ చీటీలు కుట్టే ఆ చేతులకు, తమ ఒంటికి ఏ అక్షరం సరిపోతుందో చెప్పే పట్టిక మాత్రం ఇన్నాళ్ళూ మనకంటూ లేదు. దానికోసం 2018లో కేంద్ర సర్కారు ఒక పని తలపెట్టింది. పదిహేనేళ్ళ నుంచి అరవై అయిదేళ్ళ దాకా 25 వేలమందిని, ఆడా మగా సమానంగా, ఆరు నగరాల్లో యంత్రంతో కొలవాలని. ఒంటికి టేపు తగలదు, మిషను చూసి లెక్క కడుతుంది. మగ దర్జీ మొహమాటం పూర్తిగా తీరిపోయినట్టే. ఆరింటిలో హైదరాబాదు ఒకటి. నాకు ఆ జాబితాలో నగరాలే కనబడ్డాయి. గంపలు మోసి, నీళ్ళబిందెలు మోసి, వరికట్టలు మోసి గట్టిపడ్డ జబ్బలు నగరంలో ఎన్ని దొరుకుతాయి? మా పిల్ల జబ్బలు మా అక్కవి, మా అక్కవి మా అమ్మమ్మవి.

మేరాయన దగ్గర కోటు సంగతి చెప్పడం మరిచాను. లోపల ఏమీ వదలలేదన్నాడు గదా, మేము లేచి రాబోయాం.

"ఆగుండ్రి. ప్యాంటేది?" అన్నాడు.

ప్యాంటు మా పిల్ల ఒంటిమీదనే ఉంది. అది మాత్రం బారెడు పొడుగు. ఎవరో ఆరడుగుల మనిషిని తలుచుకొని కుట్టినట్టుంది. కింద రెండు మడతలు లోపలికి మడిచి పిన్నీసులు పెట్టుకుంది. మేరాయన కళ్ళు ఆ మడతల మీద పడ్డాయి. వాళ్ళమ్మ పాత చీర ఒకటి చుట్టబెట్టించి, ప్యాంటు విప్పించి, కిందినుంచి నాలుగు వేళ్ళ బట్ట రెండు కాళ్ళకూ కత్తిరించాడు. అదే బట్ట, అదే నలుపు. కోటు చంకలు ఇప్పి, ఆ ముక్కలు ఇటొకటి అటొకటి వేశాడు. చంక కింద కదా, చెయ్యి దించితే కనబడదు. చెయ్యెత్తితే కనబడుతుంది గానీ, చెయ్యెత్తినప్పుడు చంకలోకి తొంగిచూసే పెద్దమనిషికి మనమేం సమాధానం చెబుతాం! ఆ ముక్కల్లో కూడా అంచున ఒక వరస కుట్టు అదనంగా వేసి కొంచెం బట్ట దాచాడు. నేను కళ్ళారా చూశాను.

కోటు తొడిగి, "ఏదీ, చెయ్యి లెవట్టు," అన్నాడు. అటక మీద ఎండబెట్టిన గునుగుపువ్వు కట్ట ఉంది. దాన్ని దించింది. పటుక్కుమనలేదు. మళ్ళీ పైన పెట్టింది, మళ్ళీ దించింది.

సోమవారం రాత్రి ఫోను చేసింది.

"చిన్నమ్మా, ఫైలు నేనే తీసిన. ఎవరూ ఏమనలే. కానీ మా ఆఫీసుల ఆడపిల్లలు మూత్రశాల కాడ పట్టుకొని, నీ కోటు ఎట్ల సరిపోయింది, ఏడ కుట్టించినవ్ అని ఒక్కటే అడుగుడు. వాళ్ళకు గుడ పట్టేస్తున్నదట. ఇన్నొద్దులూ ఎవరూ చెప్పలే, నేనూ చెప్పలే. ముగ్గురు ఆదివారం బస్సెక్కి ముస్తాబాద్ వస్తరట. తాతకు చెప్పు."

తెల్లవారి మేరాయనకు చెప్పాను. కళ్ళజోడు ముక్కు మీదికి జారవేసి చూశాడు.

"రమ్మను బిడ్డా. ప్యాంట్లు మరువకుంట తెమ్మను. అవి లేకుంటె బట్ట నేను యాడికెళ్ళి తేవాలె?"